మంగళవారం సెలవు

టెక్కల్లో మా షాపుకి మూడు కుర్చీలు,
రెండే తిరుగుతాయి.
మూడోదాని మీద పేపరు పడుంటాది,
పేపరు మీద దాలినాయుడు గారు పడుంటారు.
జుత్తు లేదు ఆయనకి. కబురుంది.

ఎవడికీ ఎవడి మీదా కోపం లేదిక్కడ,
అది ముందు సెప్పాలి.
మా ఊరు మంచిది బావూ,
పడిపోయినోడ్ని లేవదీసి, సోడా పట్టించి,
ఆ తరవాతే ఏ కులమోడివని అడుగుతాది.

ఇంజినీరింగు కాలేజీ కుర్రాడొచ్చినాడు ఒక ఆదివారం,
మలావీ అట, ఎక్కడుందో నాకు తెలీదు,
పేరు చిసోమో.
గుమ్మంలో తలొంచి దూరినాడు, అంత పొడుగు.
"కరెంటు పోనాదేట్రా" అన్నారు నాయుడు గారు.
అందరూ నవ్వినారు.
ఆ కుర్రాడూ నవ్వినాడు, భాష రాక.
నాను కత్తి తుడుస్తూ
"ఈ జుత్తు ఎలగ కత్తిరించాలో నాకు తెలీదు" అన్నాను,
తల అడ్డంగా ఊపి, సేత్తో గుమ్మం సూపించి.
అబద్ధం కాదది. నిజమూ కాదు.
కుర్చీ ఖాళీగానే ఉంది.

ఊరి సుట్టూ రాయి క్వారీలే.
నలుపు ఎంత దిగితే అంత రేటని
నీళ్లు కొట్టి, అరసేత్తో తుడిచి, సూసి మురుస్తారు
ఇదే నాయుడు గారు.

ఇంక ఢిల్లీసు సంగతి.
మందులషాపులో పని, నాకు మనవడి వరస.
పలాస నుంచి ఒక స్నేహితుడొచ్చేవోడు, జీడిపప్పు ఫ్యాక్టరీలో మేస్త్రీ.
ఒకే బండి మీద ఇద్దరూ, ఒకే పూట, పక్కపక్క కుర్చీల్లో.
అద్దంలో ఒకడి కళ్లు ఒకడ్ని ఎతుక్కునేవి
నాను మెడ వంచమన్నప్పుడు కూడా.
షాపు మొత్తానికి తెలుసు. షాపు మొత్తం దగ్గేది.
"మీ ఇద్దర్లో పుస్తె ఎవుడు కడతాడ్రా?"
తవిటయ్య అడిగినాడు. సెడ్డోడు కాదాడు,
ఢిల్లీసు నాన్నకి రక్తమిచ్చినోడు.
నాను రేడియో సౌండు పెంచినాను.
నా వంతు అంతే.
ఢిల్లీసు సెవి దగ్గర గాటు పడితే
పటిక రాసి, "మంటా?" అన్నాను.
"అలవాటే" అన్నాడు.

తరవాత రాలేదు.

మాటేటంటే, నాకూ తెలుసు గదా.
పెళ్లికొడుక్కి గెడ్డం గీసి
పెరట్లో విస్తరేసుకున్నోడి కొడుకుని నాను.
పొద్దున్న ఎదురొస్తే ఉమ్మేసి ఎల్లినోళ్లు
సాయంత్రం పీక నా కత్తికిచ్చి నిద్రపోతారు.
"మంగలోడా" అని పిలిచి "సరదాకిరా" అంటారు.
సరదా కింద నించి ఎలగుంటాదో సూసినోడ్ని.
అయినా రేడియో పెంచినాను.

తువ్వాళ్లు ఆరేయడానికి మొన్న మేడెక్కినాను.
ఎనక ఈధిలో డాబా మీద
ప్లాస్టిక్ కుర్చీలో చిసోమో,
ఆడి ఎనకాల ఢిల్లీసు, కొత్త మిషనుతో,
నాలిక బయటపెట్టి, లెక్క రాసినట్టు కత్తిరిస్తన్నాడు.
మెడ దగ్గర గీత వంకర. ఎడమ పక్క మరీ లోతు.
నా ఏళ్లు తడి తువ్వాలు మీదే తిరిగినాయి.
ఇద్దరూ ఏదో అనుకుని నవ్వుతన్నారు.
ఎవరి మీదా కాదు ఆ నవ్వు.
ఇరవయ్యేళ్లలో మా షాపులో
అలాటిది ఒకటి విన్న గుర్తు లేదు.

మంగళవారం మాకు సెలవు.
సంచీ పట్టుకుని ఆ మెట్లెక్కినాను.
మధ్యలో ఒకసారి దిగిపోనాను కూడా, దాచను.
తలుపు తీసి ఢిల్లీసు అడ్డంగా నిలబడ్డాడు,
రా అనలేదు, పో అనలేదు.
తప్పైపోయిందన్న మాట నా నోటికి తిరగదు.
దువ్వెన బయటికి తీసినాను.
"ఈ జుత్తు ఎలగ కత్తిరించాలో నాకు తెలీదు" అన్నాను.
లోపల చిసోమో ఆ మాట సప్పుడు గుర్తుపట్టినాడు,
మొహం మూసుకుపోనాది.
"నేర్పమను" అన్నాను,
ఇంగ్లీషు రాక, ఢిల్లీసు వైపు సూస్తూ.

ఆ మాట అతనికి సెప్పాలో వద్దో
ఢిల్లీసు ఇంకా ఆలోచిస్తన్నాడు.